అందించే చెయ్యి

జూన్ 3, సోమవారం

ఇది మా ఆయన వాన లెక్కలు రాసుకోవడానికి తెచ్చుకున్న నోటుపుస్తకం. మొదటి పదకొండు పేజీల్లో వాన పడింది. ఆ తరువాత ఆయనకు విసుగొచ్చిందో, వానకు విసుగొచ్చిందో తెలియదు. మిగిలిన పేజీలు నేను తీసుకున్నాను. ఎవరైనా చదువుతారన్న భయం లేదు. ముప్పై నాలుగేళ్ళు డాక్టర్ల పక్కన పెరిగిన దస్తూరి నాది. విప్పి చెప్పాలంటే మందుల షాపువాడు కావాలి.

ఆపరేషన్ థియేటర్లో నర్సు ఉద్యోగం మానేసి రెండు నెలలు. మానేశాను అనకూడదు, వయసైపోయిందని కాగితం ఇచ్చి పంపారు. "హాయిగా రెస్టు తీసుకో అమ్మా" అంది మా అమ్మాయి. తీసుకున్నాను. మూడు వారాల్లో ఇంట్లో ఉన్న చెంచాలన్నీ సైజులవారీగా పేర్చేశాక రెస్టు అయిపోయింది.

ఈరోజు పుస్తకాల బైండింగ్ నేర్చుకోవడానికి చేరాను. గ్రంథాలయం కింద సెల్లారు. కిటికీలు రోడ్డు మట్టానికి ఉంటాయి కాబట్టి నడిచే వాళ్ళ మొహాలు కనబడవు, చెప్పులే కనబడతాయి. మొహాలకన్నా నయం.

మూడు నెలలు, వారానికి మూడు పూటలు, ఆరుగురం. చివరి రోజు ఎవరికి వాళ్ళు, ఇంకొకరి చెయ్యి పడకుండా, ఒక పుస్తకం కుట్టి అట్ట వెయ్యాలి. పది నుంచి ఒంటిగంట దాకా టైము. బాగా చేసిన ఇద్దరికి కిటికీ కింద ఉన్న రెండు బల్లలూ ఏడాది పాటు పని చేసుకోవడానికి ఇస్తారు. ఎవరి బల్ల వాళ్ళది, ఎవరి పుస్తకాలు వాళ్ళవి.

ఆ బల్లలు చూశాను. ఒకదాని కాలు కొంచెం పొట్టి, కింద మడత పెట్టిన అట్టముక్క ఉంది. ఇంతవరకు నాది అని ఒక బల్ల లేదు. థియేటర్లో ట్రే ఆసుపత్రిది, ఇంట్లో వంటగట్టు అందరిదీ. అరవై రెండేళ్ళకు ఒక కుంటి బల్ల మీద మనసు పడడం ఏమిటో.

ఆ బల్ల నాకు కావాలి. రాసి చూసుకున్నాను. చూడడానికి బాగానే ఉంది.

జూన్ 5, బుధవారం

నేర్పే ఆయన్ని అందరూ బైండరు గారంటారు. మనుషులతో తక్కువ, కాగితాలతో ఎక్కువ మాట్లాడతాడు. "ఏం, ఒంగవా? ఒంగవా నువ్వు?" అని అట్టను తిట్టుకుంటూ ఉంటే మొదట నన్నే అనుకున్నాను.

ఒక పాత పుస్తకానికి రంధ్రాలు పొడుస్తూ, తల తిప్పకుండానే కుడి చెయ్యి వెనక్కి చాచాడు. దబ్బనం అందించాను, పిడి అరచేతిలోకి వచ్చేలా, టప్పున. తీసుకుని పొడిచాడు. మళ్ళీ చాచాడు. మైనం రాసిన దారం పెట్టాను. మూడోసారికి తల తిప్పి చూశాడు.

"నేను అడగలేదే!"

"అడిగేదాకా ఆగితే నన్ను ముప్పై నాలుగేళ్ళు ఉంచుకునేవాళ్ళు కాదు."

"ఎక్కడ పని చేశారండీ?"

"థియేటర్లో."

"సినిమా థియేటరా?"

"కాదు, మా దగ్గర లైట్లు వేసి జనం కళ్ళు మూయిస్తారు."

మిగతా ఐదుగురిలో నలుగురు నవ్వారు. ఐదో మనిషి బస్సు కండక్టరుగా రిటైరైన ఆయన. ఆయన నవ్వకుండా, టిక్కెట్టు లేని ప్రయాణికుణ్ణి చూసినట్టు చూశాడు.

జూన్ 10, సోమవారం

అందరం చిత్తుకాగితాల మీద కుట్టు మొదలుపెట్టాం. రెండు ఫారాలు కుట్టాను. ఫారం అంటే పదహారు పేజీల మడత. నా దారం ముడిపడింది. దారం మంచిది కాదు. పక్కన పెట్టాను.

బైండరు గారికి పుస్తకాన్ని నొక్కి ఉంచే ప్రెస్సు బిగించేటప్పుడు సాయం చేశాను.

జూన్ 14, శుక్రవారం

ఈరోజు చాలా నేర్చుకున్నాను.

జూన్ 19, బుధవారం

ఈరోజు కూడా చాలా నేర్చుకున్నాను. బైండరు గారు జిగురు, బ్రష్షు, గుడ్డ, దాన్ని నున్నగా లాగే మడత చెక్క ఏ వరసలో వాడతారో నాకు కంఠతా వచ్చేసింది. "సిస్టర్ గారు వచ్చాక నాకు రోజుకో గంట మిగులుతోంది" అని అందరి ముందూ అన్నారు. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు కూడా ఇలాంటి మాట అనడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన వాతావరణ కేంద్రంలో పని చేసి రిటైరయ్యారు. కిటికీలోంచి ఆకాశం చూస్తూ "సాయంత్రం వాన" అన్నారు. వాన రాలేదు. పొగడ్త కూడా రాలేదు.

జూన్ 28, శుక్రవారం

మనవరాలి అట్లాసు వీపు ఊడిపోయి ఖండాలన్నీ వేరైపోయాయి. "నువ్వు నేర్చుకుంటున్నావుగా అమ్మా, కుట్టిపెట్టు" అని అమ్మాయి ఇచ్చింది. సెల్లారుకు తీసుకెళ్ళాను. పని పూర్తయింది. వీపుకు నీలం గుడ్డ. ఎటు తెరిచినా చక్కగా తెరుచుకుంటోంది.

"అబ్బ! అమ్మమ్మ కుట్టిందంటే నమ్మరు, కొట్లో కొన్నట్టుంది" అంది మనవరాలు. అల్లుడు కూడా రెండుసార్లు తిప్పి చూశాడు.

అందరూ మెచ్చుకున్నారు.

జూలై 3, బుధవారం

కండక్టరుకు నోరు ఎక్కువ.

టీ తాగుతుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. "సిస్టరూ, ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి."

"ఏమనుకోవాలో మాట విన్నాక చూసుకుంటాను."

"మీరు ఇక్కడికి నేర్చుకోవడానికొచ్చారా, డ్యూటీకొచ్చారా?"

"అంటే?"

"నెల రోజులుగా చూస్తున్నా. ఆయన చెయ్యి చాచడం, మీరు లేవడం. మీ సీట్లో మీరు కూర్చున్నది ఎప్పుడండీ? ఇరవై ఎనిమిదేళ్ళు బస్సు నిండా జనాన్ని కూర్చోబెట్టాను, నేను మాత్రం నిలబడే ప్రయాణం చేశాను. నిలబడేవాళ్ళను చూస్తే నాకు తెలిసిపోతుంది."

"మీ కుట్టు సంగతి చూసుకోండి" అన్నాను.

"చూసుకుంటున్నానండీ. నాలుగు పుస్తకాలు అయ్యాయి. మీవి ఎన్ని?"

మర్యాద తెలియని మనిషి.

జూలై 4, గురువారం

క్లాసులు పద్నాలుగు. నేను కుట్టిన ఫారాలు రెండు. దారం మంచిదే. ఆ ఉండ నుంచే అందరూ కుడుతున్నారు.

జూలై 5, శుక్రవారం

పట్టుదలగా నా చోట కూర్చున్నాను. సూదిలో దారం ఎక్కించాను. మొదటి ఫారం, రెండో ఫారం. బైండరు గారి చెయ్యి వెనక్కి వచ్చింది. చూడకూడదనుకున్నాను, చూడలేదు కూడా. అయినా బ్రష్షుతో అక్కడ నిలబడి ఉన్నాను. మధ్యలో నడిచిన ఆ నాలుగడుగులు ఎవరు నడిచారో నాకు తెలియదు.

వెనక్కి వచ్చేసరికి నా కుట్టు వదులైపోయింది.

జూలై 14, ఆదివారం

ఇంట్లో ప్రయోగం చేశాను. ఉదయం మా ఆయన పేపరు తెరిచి, కళ్ళజోడు కోసం చెయ్యి గాల్లో చాచారు. నేను కదలలేదు. చెయ్యి అలాగే ఉంది. మూడు నిమిషాలయ్యాక చేతికే అనుమానం వచ్చినట్టు కొంచెం ఊగింది.

"ఏమోయ్, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"మరి నా కళ్ళజోడు?"

"వెతుక్కోండి."

"ఎక్కడుంటుంది అది?"

"మీది కదా, మీకే తెలియాలి."

లేచి వెతికారు. బీరువాలో చూశారు, ఫ్రిజ్ తెరిచి చూశారు. వాన కొలిచే గొట్టం దాకా వెళ్ళొచ్చారు. చివరికి టీవీ పక్కన డబ్బాలో దొరికింది. "ఇది ఎప్పట్నుంచి ఇక్కడ ఉంటోంది?" అని అడిగారు.

"ముప్పై ఏడేళ్ళ నుంచి."

పేపరు చదవకుండా కాసేపు నన్ను చూస్తూ కూర్చున్నారు. కళ్ళజోడు పెట్టుకుని మరీ.

జూలై 21, ఆదివారం

ఇది ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పినప్పుడు కూడా వేరేలా చెప్పాను.

ఉద్యోగంలో చేరి పదకొండేళ్ళయినప్పుడు ఒక చిన్న ఆపరేషన్ ముగింపులో పెద్ద డాక్టరు సూది నా వైపు చాచారు. "పైకుట్టు మీరు వెయ్యండి సిస్టర్. ఇన్నేళ్ళు చూశారు, నాకన్నా బాగా వేస్తారు" అన్నారు. నాలుగు కుట్లు, చర్మం పైన. "రూల్సు ఒప్పుకోవు డాక్టర్" అన్నాను. నా పక్కనున్న జూనియరు పిల్ల ఆ సూది తీసుకుంది. చేతులు వణుకుతుండగానే వేసింది. తరువాత అదే పనిలో పై ట్రైనింగుకి వెళ్ళింది. ఇప్పుడు ఎక్కడో పెద్ద ఆసుపత్రిలో కొత్త నర్సులకు నేర్పుతోందట.

రూల్సు ఒప్పుకోవని ఇంట్లో చెప్పాను, స్నేహితులకు చెప్పాను. రిటైరైన రోజు ప్రసంగంలో నవ్విస్తూ చెప్పాను. రూల్సు ఒప్పుకుంటాయి. డాక్టరు పక్కనే ఉండి వెయ్యమంటే వెయ్యొచ్చు. నాకు అప్పుడే తెలుసు.

అందించేవాళ్ళ చేతిలో పని చెడదు. చెడితే చేసినవాళ్ళది. బాగుంటే అందులో మనకూ కొంత. ఇంత సుఖమైన చోటు ఇంకొకటి లేదు. ముప్పై నాలుగేళ్ళు అక్కడే నిలబడ్డాను.

జూలై 26, శుక్రవారం

స్టూలును గోడకూ బల్లకూ మధ్య ఇరికించి కూర్చున్నాను. లేవాలంటే బల్ల జరపాలి. కండక్టరు ఎదురు బల్లకు మారాడు. నేను బల్ల మీద చెయ్యి వేసి జరపబోతే చాలు, బస్సు ఆపినట్టు "ఓల్డాన్!" అని అరుస్తున్నాడు. ఈరోజు ఐదుసార్లు అరిచాడు.

ఆరు ఫారాలు కుట్టాను. దాన్ని పుస్తకం అనడం పుస్తకాలకు అవమానం.

"ఏమైంది సిస్టర్ గారూ, అక్కడ దాక్కున్నారు?" అన్నారు బైండరు గారు, బ్రష్షు తనే వెతుక్కుంటూ.

"కుడుతున్నానండీ."

"అది కుట్టా? చేపల వల అనుకున్నాను."

ఆగస్టు 4, ఆదివారం

మనవరాలు అట్లాసుతో పాటు తన స్నేహితురాలి డిక్షనరీ కూడా తెచ్చి, అమ్మమ్మ కుట్టిపెడుతుందని మాట ఇచ్చానని చెప్పింది. మాట ఇచ్చింది తను, కుట్టాల్సింది నేను.

"అట్లాసు నేను కుట్టలేదు" అన్నాను.

"మరి?"

"బైండరు గారు కుట్టారు. నేను సామాన్లు అందించాను."

"నువ్వు కుట్టానని చెప్పావుగా?"

"చెప్పలేదు. మీరు అనుకుంటే కాదనలేదు."

పదకొండేళ్ళు దానికి, జడ్జీలా ఆలోచిస్తుంది. "అదే పని నేను లెక్కల హోంవర్కుతో చేస్తే అమ్మ తిట్టింది అమ్మమ్మా."

"తిట్టాలి మరి."

"నిన్ను ఎవరు తిట్టాలి?"

"నువ్వు తిట్టు."

తిట్టలేదు. డిక్షనరీ స్నేహితురాలికి తిరిగి ఇచ్చేస్తానంది. నమ్మకం లేని డాక్టరు దగ్గర్నుంచి రోగిని తీసుకుపోయినట్టు తీసుకుపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 9, శుక్రవారం

ఎనిమిది ఫారాలు. వంకర. కానీ ఊడలేదు. గట్టిగా విదిలించి కూడా చూశాను.

ఆగస్టు 14, బుధవారం

క్లాసు అయ్యాక బైండరు గారు నన్ను ఆపారు. గ్రంథాలయం వాళ్ళు ఒక సహాయకురాలిని పెట్టుకోమన్నారట.

"మీరైతే నాకు వేరే మాట లేదు. పరీక్ష కూడా అక్కర్లేదు. రోజూ పొద్దున రండి, నా పక్కన ఉండే స్టూలు మీకే."

ఇంటికొచ్చి చెప్పగానే అమ్మాయి ఎగిరి గంతేసింది. "చూశావా అమ్మా, ఈ వయసులో పిలిచి మరీ ఇస్తున్నారు! దర్జాగా వెళ్ళిరా. పరీక్షా గిరీక్షా ఎందుకు ఇంక?" మా ఆయన కూడా సంతోషించారు. నేను కూడా సంతోషించాను. అది రాయకపోతే అబద్ధమవుతుంది. అక్కడ నాకు ఏ తప్పూ జరగదు.

రెండు రోజుల్లో చెప్పమన్నారు.

ఆగస్టు 15, గురువారం

ఒప్పుకుంటే తప్పేమిటి? ఒప్పుకుంటే తప్పేమీ లేదు.

ఆగస్టు 16, శుక్రవారం

"నేను పరీక్షకే కూర్చుంటానండీ" అన్నాను.

బైండరు గారు చేతిలో ఉన్న అట్టను బల్ల మీద పెట్టారు. "మీ కుట్టు చూసుకునే అంటున్నారా?"

"చూసుకునే."

"పోతే?"

"పోతే స్టూలు ఉంటుంది కదా."

"ఉండదండీ. సోమవారానికి వేరే మనిషికి చెప్పేస్తాను. నాకు పని ఆగదు. పరీక్షలో పోతే బల్లా లేదు, స్టూలూ లేదు. ఇంట్లో కూర్చోవడమే."

కండక్టరు దూరం నుంచి వింటున్నాడు. వెళ్ళేటప్పుడు ఒక మైనం ముక్క నా బల్ల మీద పెట్టి పోయాడు.

అమ్మాయి ఫోనులో "నీకేమన్నా పిచ్చా అమ్మా?" అంది.

ఆగస్టు 30, శుక్రవారం

వరసగా రాస్తాను.

పదింటికి మొదలు. ఆరుగురికీ ఎనిమిదేసి ఫారాలు, అట్టలు, గుడ్డ ఇచ్చారు. బైండరు గారు నడుమ తన పని తను చేసుకుంటూ కూర్చున్నారు. గ్రంథాలయం వాళ్ళ పెద్ద రిజిస్టరుకు కొత్త అట్ట వేస్తున్నారు. వేడి జిగురు. ఆరేలోపు గుడ్డను మడత చెక్కతో నున్నగా లాగాలి, లేకపోతే ముడత అలాగే ఉండిపోతుంది.

పదకొండున్నరకు నేను ఆరో ఫారంలో ఉన్నాను. సూది సగం లోపల, సగం బయట, దారం బిగువు ఎడమ బొటనవేలి కింద. వేలు తీస్తే మొత్తం వదులైపోతుంది. అప్పుడు ఆయన చెయ్యి వెనక్కి వచ్చింది.

పరీక్షించడానికి కాదు. ఆయనకు గుర్తు లేదు. ఎడమ చేత్తో గుడ్డ పట్టుకుని, తల తిప్పకుండా, అలవాటు కొద్దీ కుడి చెయ్యి చాచారు. మడత చెక్క నాకు రెండడుగుల దూరంలో ఉంది. బల్ల జరపనక్కర్లేదు, ఒంగితే అందుతుంది.

తెరిచిన అరచెయ్యి. మా థియేటర్లో దానికి ఒకటే అర్థం, ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని. మోకాళ్ళు వాటంతట అవే గట్టిపడ్డాయి. ఎదురుగా కండక్టరు చూశాడు. పరీక్షలో మాట్లాడకూడదు కాబట్టి నోరు మూసుకున్నాడు, కనుబొమ్మలు మాత్రం నెత్తికెక్కాయి.

ఎవరి ప్రాణమూ లేదు అక్కడ. అది రిజిస్టరు అట్ట. ఈ మాట నాకు నేను రెండుసార్లు చెప్పుకోవలసి వచ్చింది.

సూది లాగాను. బొటనవేలు తియ్యలేదు.

చెయ్యి ఇంకా అక్కడే ఉంది. తరువాత వేళ్ళు రెండుసార్లు ముడుచుకున్నాయి. తరువాత ఆయన తల తిప్పారు. ఆ తిప్పడంలో గుడ్డ జారింది. అట్ట మధ్యన వేలెడు ముడత పడి, అలాగే ఆరిపోయింది. ఆయన ఒక మాట అన్నారు. ఈసారి కాగితాన్ని కాదనుకుంటాను.

నేను ఏడో ఫారం తీశాను. అప్పుడు కనబడింది, నాలుగో ఫారం తలకిందులుగా కుట్టేశానని. పేజీల అంకెలు కాళ్ళు పైకెత్తి ఉన్నాయి. అప్పటికి పదకొండూ నలభై. ఎవరినైనా పిలుద్దామనిపించింది. పిలవడానికి లేదు. మూడు ఫారాలు విప్పి, నాలుగోది తిప్పి, మళ్ళీ కుట్టాను. చేతులు వణికాయి. వణుకుతూనే కుట్టాయి. రెండూ ఒకేసారి జరగవచ్చునని నాకు తెలియదు.

ఒంటిగంటకు ఆరు నిమిషాల ముందు ప్రెస్సులో పెట్టాను.

మూడింటికి తీసి చూశారు. కండక్టరు పుస్తకం టిక్కెట్ల కట్టలా నిటారుగా ఉంది. మొదటి బల్ల ఆయనది, అందులో ఎవరికీ సందేహం లేదు. డ్రాయింగ్ మాస్టారిది అందరిలోకీ అందమైనది, కానీ జిగురు ఎక్కువై మధ్యలో తెరుచుకోనంది. ఇద్దరివి పూర్తికాలేదు, ఇంకొకరిది విదిలిస్తే ఊడింది. నాది చేతిలోకి తీసుకుని బైండరు గారు చాలాసేపు తిప్పారు. అట్ట ఎడమవైపు ఒరిగింది. వీపు మీద జిగురు మరక.

"అందం లేదు" అన్నారు. బల్ల మీద పెట్టి మధ్యకు తెరిచారు. వదిలేశారు. తెరిచినట్టే ఉంది, మూసుకోలేదు. మొదట్లో తెరిచారు, చివర్లో తెరిచారు. తలకిందుల పేజీల కోసం కూడా వెతికారు, నేను చూశాను.

"రెండో బల్ల మీది" అన్నారు, నా మొహం చూడకుండా.

అందరూ వెళ్ళాక నేను సూదులు సర్దుకుంటుంటే అడిగారు. "ఒక్క చెక్క అందిస్తే ఏం పోయేదండీ?"

"నా కుట్టు పోయేది."

"నా అట్ట పోయింది."

"చూశాను."

ఇద్దరం కాసేపు ఆ ముడతను చూశాం. నిజంగానే పాడైపోయింది. నేను క్షమించమనలేదు. అనాలేమో.

ఆగస్టు 31, శనివారం

కుడి భుజం నొప్పి. మా ఆయన తైలం సీసా తనే వెతికి తెచ్చారు. అది వంటకు వాడే నూనె. అదే రాయించుకున్నాను.

మధ్యాహ్నం ఫోను. బైండరు గారు. "ఆ రిజిస్టరు మళ్ళీ చెయ్యాలి. సోమవారానికి ఇవ్వాలి. కొత్త మనిషి ఇంకా చేరలేదు. ఒక గంట రాగలరా?" అడగడం అలవాటు లేని గొంతు. మధ్యలో రెండుసార్లు దగ్గింది.

వెళ్ళాను. పాత అట్ట విప్పాం. జిగురు వేడి చేశాం. ఆయన చెయ్యి వెనక్కి రాబోయి ఆగింది.

"మడత చెక్క ఇవ్వండి" అన్నారు.

ఇచ్చాను.

సెప్టెంబరు 2, సోమవారం

పదింటికి వెళ్ళి కిటికీ కింద కూర్చున్నాను. రెండో పుస్తకం మొదలుపెట్టాను. మొదటిదానికంటే అధ్వానంగా వస్తోంది. రేపు విప్పి మళ్ళీ కుట్టాలి.